పాడ్‌కాస్ట్ మీదే, మరి హక్కులు ఎవరివి? సంతకం పెట్టే ముందు చేయాల్సిన పనులు

"ఒక కంపెనీ మా పాడ్‌కాస్ట్ తీసుకుంటామంటోంది, ఒప్పుకోవచ్చా?" ఈ ప్రశ్న హైదరాబాద్ నుంచీ వస్తోంది, డాలస్ నుంచీ వస్తోంది. అడిగేవాళ్లకు మైకుల గురించి, ఎడిటింగ్ గురించి బాగానే తెలుసు. "మీ ఫీడ్ ఎవరి పేరు మీద ఉంది?" అని తిరిగి అడిగితే మాత్రం అవతలి నుంచి సమాధానం ఉండదు.

ఈ దారిలో మనకన్నా ముందు దెబ్బలు తిన్నదీ, మనకన్నా ముందు దారులు వెతుక్కున్నదీ అమెరికాలోని నల్లజాతి పాడ్‌కాస్టర్లు. అందుకే ఈ గైడులో ఉదాహరణలన్నీ వాళ్లవే. న్యూయార్క్‌లో హిప్‌హాప్ లాయర్ రెజీ ఓసే 'కాంబాట్ జాక్ షో', నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో రాడ్, కారెన్ మోరో దంపతులు 'ద బ్లాక్ గై హూ టిప్స్' 2010లోనే మొదలుపెట్టారు. పెద్ద రేడియో సంస్థల అండ లేకుండానే వాళ్లకు వినేవాళ్లు దొరికారు. చిక్కులన్నీ ఆ తర్వాతే. పేరు ఎవరిది, పాత ఎపిసోడ్లు ఎవరివి, ప్రకటన డబ్బు ఎవరి జేబులోకి పోతుంది అన్నచోట ఈ తరం పాడ్‌కాస్టర్లలో చాలామంది ఇరుక్కున్నారు. వర్ణవివక్ష వాళ్ల మీద అదనపు బరువు. మనలో చాలామందికి అలాంటి బరువు తెలియదు, కొందరికి వేరే రూపంలో బాగా తెలుసు. ఒప్పంద పత్రంలోని ఉచ్చులు మాత్రం అందరికీ ఒకటే.

కావలసినవి

- ఒక యూఎస్‌బీ డైనమిక్ మైకు. ఖరీదైన కండెన్సర్ మైకు కొంటే పక్కింటి మిక్సీ కూడా మీ షోలో గెస్టే.
- ఎడిటింగ్‌కు ఆడాసిటీ. ఉచితం, మొదటి ఏడాదికి అదే ఎక్కువ.
- సొంత డొమైన్ పేరు, దాని మీద ఒక ఈమెయిల్.
- వెళ్లిపోతానంటే వెళ్లనిచ్చే హోస్టింగ్ సర్వీసు, అంటే మీ ఎపిసోడ్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే కంపెనీ. కొనే ముందు "301 రీడైరెక్ట్ ఇస్తారా?" అని అడగండి. పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను కొత్త అడ్రస్‌కు పంపే ఏర్పాటు అది. ఇవ్వమంటే వద్దు.
- బ్యాకప్‌కు ఒక హార్డ్ డిస్క్, ఒక క్లౌడ్ ఖాతా. రెండూ ఉండాలి.
- కాపీరైట్ తెలిసిన లాయరుతో కనీసం ఒక గంట. మైకు మీద మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి.

1. "అందరి కోసం" అన్న మాట కొట్టేయండి

అట్లాంటాలో సైకాలజిస్ట్ డాక్టర్ జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫర్డ్ 2014లో 'థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్' వెబ్‌సైట్ పెట్టారు, 2017లో అదే పేరుతో పాడ్‌కాస్ట్ మొదలైంది. ఎవరి కోసమో పేరులోనే ఉంది. వెబ్‌సైట్‌లో థెరపిస్టుల డైరెక్టరీ ఉంది కాబట్టి, ఎపిసోడ్ విన్న మనిషికి ఆ తర్వాత ఎటు వెళ్లాలో కూడా తెలుస్తుంది. 'మానసిక ఆరోగ్యం మీద పాడ్‌కాస్ట్' అని పెట్టి ఉంటే వందలో ఒకటిగా మిగిలేది.

మీరు కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: "ఇది విన్నాక ఫలానావాళ్లు ఫలానా పని చేయగలుగుతారు." వాక్యం పూర్తి కాకపోతే షో ఇంకా సిద్ధం కాలేదని అర్థం. మీది కబుర్ల షో అయితే ఈ పరీక్ష పనికిరాదు. అప్పుడు మీ ఇద్దరి మాట తీరే షోకు ఆకర్షణ. కిడ్ ఫ్యూరీ, క్రిసెల్ 2013లో మొదలుపెట్టిన 'ద రీడ్' అలా నిలబడ్డదే. మూడు ఎపిసోడ్లు రికార్డు చేసి, మిమ్మల్ని ఎరగని ఒకరికి వినిపించి, ఎక్కడ ఆపేశారో అడగండి. బంధువులకు వినిపించి లాభం లేదు, బాగుందనే అంటారు.

2. పేరు, ఫీడ్, ఈమెయిల్ మీ పేరు మీదే పెట్టుకోండి

మొదటి ఎపిసోడ్ కన్నా ముందు జరగాల్సిన పని ఇది. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటే మీ ఎపిసోడ్ల జాబితా ఉన్న ఒక వెబ్ అడ్రస్. యాపిల్, స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ అక్కడి నుంచే తీసుకుంటాయి. ఇంటికి పట్టా ఎలాగో షోకు ఫీడ్ అలాగ. లోపల ఎవరు ఉంటున్నా, కాగితం ఎవరి పేరు మీద ఉంటే ఇల్లు వాళ్లదే.

పేరు సంగతి. ఇండియాలో పాడ్‌కాస్ట్ పేరును ట్రేడ్‌మార్క్ 41వ తరగతి (విద్య, వినోద సేవలు) కింద నమోదు చేయించుకోవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. అమెరికాలో మూల దరఖాస్తుకు 350 డాలర్లు. అంత డబ్బు ఇప్పుడే పెట్టలేకపోతే డొమైన్, సోషల్ మీడియా ఖాతాలు ముందు తీసేసుకోండి. ట్రేడ్‌మార్క్ ఏడాది తర్వాతైనా చేయించుకోవచ్చు, కంపెనీతో మాటలు మొదలయ్యేలోపు మాత్రం దరఖాస్తు వేసి ఉండాలి.

ఈమెయిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఫీడ్‌లో యజమాని ఈమెయిల్ ఒకటి ఉంటుంది. స్పాటిఫై వంటి చోట్ల "ఈ షో నాదే" అని నిరూపించుకోవాలంటే కోడ్ వచ్చేది ఆ ఈమెయిల్‌కే. అక్కడ ఆఫీసు ఈమెయిలో, ఎడిటింగ్ చేసిపెట్టే కుర్రాడి ఈమెయిలో ఉంటే షో తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

సరిచూసుకోవడం ఇలా: ఫీడ్ అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరవండి. గజిబిజిగా కోడ్ కనిపిస్తుంది, కంగారు పడకండి. అందులో రచయిత, యజమాని, ఈమెయిల్, కాపీరైట్ అన్న నాలుగు చోట్ల ఎవరి పేరుందో చూడండి. కొన్ని హోస్టింగ్ సర్వీసులు స్పామ్ భయంతో ఈమెయిల్‌ను దాచేస్తాయి, అలాంటప్పుడు డాష్‌బోర్డులో చూడాలి. ఎక్కడైనా మీది కాని పేరు కనిపిస్తే ఈ రోజే మార్చండి.

3. సహ హోస్టుతో కాగితం రాసుకోండి

ఇక్కడ మన మొహమాటం అడ్డొస్తుంది. "వాడితో నాకు పత్రాలేంటి?" అంటారు. ర్యాపర్ జో బడెన్ 2018లో తన పాడ్‌కాస్ట్‌ను స్పాటిఫైకి ప్రత్యేకంగా ఇచ్చారు. 2020లో, తమ విలువకు తగ్గట్టు ఇవ్వడం లేదంటూ బయటికొచ్చారు. 2021లో, శ్రోతలే నెలనెలా డబ్బు కట్టే పేట్రియాన్‌ అనే వేదికకు మారారు. కంపెనీతో న్యాయం కోసం పోట్లాడిన ఆ షోలోనే, అదే 2021లో సహ హోస్టులు రోరీ, మాల్‌తో డబ్బుల లెక్కల మీద అందరూ వింటుండగానే గొడవ జరిగి విడిపోయారు. బయటి కంపెనీ కన్నా లోపలి లెక్కలే ముందు తేల్చుకోవాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఒక పేజీ చాలు. ఇవి రాయండి:

- షో పేరు ఎవరిది? ఇద్దరిదైతే ఎంతెంత వాటా?
- ఒకరు వెళ్లిపోతే పేరు ఎవరి దగ్గర ఉంటుంది? పాత ఎపిసోడ్ల ఆదాయంలో వెళ్లినవాళ్లకు ఎంత, ఎన్నాళ్లు?
- లెక్కలు ఎవరు చూస్తారు? రెండోవాళ్లకు నెలనెలా ఎలా కనిపిస్తాయి?
- ఎడిటర్‌కు జీతమా, వాటానా?

ఇద్దరూ సంతకం చేసి, తేదీ వేసి, స్కాన్ చేసి పెట్టుకోండి. డబ్బు రాకముందు అడిగితే నవ్వుతారు, వచ్చాక అడిగితే అనుమానిస్తారు. నవ్వినప్పుడే రాయించుకోవడం నయం.

4. మీ గొంతుతోనే రికార్డు చేయండి

చెంజెరాయ్ కుమన్యిక అనే నల్లజాతి అధ్యాపకుడు, హిప్‌హాప్ కళాకారుడు 2015లో ఒక వ్యాసం రాశారు. రేడియో స్క్రిప్టు రాసుకుంటూ చదువుతుంటే తన తలలో తన గొంతు కాకుండా, శ్వేతజాతి రేడియో హోస్టు గొంతు వినిపిస్తోందని గమనించారట. ఆ వ్యాసం మీద అమెరికా పబ్లిక్ రేడియోలో పెద్ద చర్చే నడిచింది. మన దగ్గరా మైకు ఆన్ చేయగానే శ్రీకాకుళం మనిషి, పాలమూరు మనిషి ఒకే న్యూస్ రీడర్ గొంతులోకి వెళ్లిపోతారు. పరీక్ష సులువే. ఫోన్‌లో స్నేహితులకు పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి, ఎపిసోడ్‌లోని ఒక నిమిషం పక్కపక్కన వినండి. ఇద్దరు వేర్వేరు మనుషుల్లా అనిపిస్తే స్క్రిప్టు పక్కన పెట్టి, పాయింట్లు మాత్రం రాసుకుని మాట్లాడండి.

గది గురించి ఎక్కువ బెంగ వద్దు. 'ఇయర్ హజిల్' అనే పాడ్‌కాస్ట్ కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో తయారైంది. అప్పట్లో అక్కడ ఖైదీలుగా ఉన్న ఎర్లాన్ వుడ్స్, ఆంట్వాన్ విలియమ్స్, బయటి నుంచి వచ్చే కళాకారిణి నైజెల్ పూర్ కలిసి చేశారు. 1,500కు పైగా షోలు పోటీ పడ్డ, రేడియోటోపియా అనే పాడ్‌కాస్ట్ నెట్‌వర్క్ పోటీలో గెలిచి 2017లో మొదలైంది. ఇనుప తలుపుల చప్పుడు, వరండాల్లో గోల దాంట్లో వినిపిస్తాయి. సౌండ్ డిజైన్ చేసిన విలియమ్స్ వాటిని తీసేయలేదు, వాటితోనే ఆ చోటును కళ్లకు కట్టించారు. మీ వెనక వినిపించే కూరగాయల బండి కేక కథకు పనికొస్తుందా, అడ్డొస్తుందా అన్నది చూసుకోండి. అడ్డొస్తే బీరువా ముందు బట్టల వైపు తిరిగి కూర్చోండి, లేదా తలుపుకు బొంత వేలాడదీయండి.

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎగుమతి చేసేటప్పుడు స్టీరియో అయితే శబ్దం స్థాయి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) దగ్గర, పీక్ మైనస్ 1 డీబీ దాటకుండా చూడండి. యాపిల్ సూచించేది ఇదే. కవర్ బొమ్మ 3000 × 3000 పిక్సెళ్లు. చివరికి ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో కూర్చుని వినండి. మాట అర్థమైతే సౌండ్ బాగున్నట్టే.

సినిమా పాటలు వాడకండి, "పది సెకన్లే కదా" అనుకుని కూడా వాడకండి. పది సెకన్లకు కాపీరైట్ వర్తించదన్న నియమం ఎక్కడా లేదు.

5. ట్రాన్‌స్క్రిప్ట్‌ను మెషీన్‌కు వదిలేయకండి

2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల మాట గుర్తింపు వ్యవస్థలను పరీక్షించారు. శ్వేతజాతి వక్తల మాటల్లో సగటున నూటికి 19 తప్పులు పడితే, నల్లజాతి వక్తల మాటల్లో 35 పడ్డాయి. ఇప్పుడు మెరుగుపడి ఉండొచ్చు కానీ అసలు సంగతి వేరే ఉంది. కొన్ని ప్రకటన సంస్థలు మీ ఎపిసోడ్‌ను వినవు, ఆ ట్రాన్‌స్క్రిప్ట్‌ను జల్లెడ పట్టి "సేఫా, కాదా" అని తేలుస్తాయి. నల్లజాతి హక్కుల ఉద్యమం పేరైన 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' అన్న మాటే ప్రకటనలు వేయకూడని పదాల జాబితాల్లో చేరిందని 2020లో బయటపడింది. చర్మం రంగు గురించి మాట్లాడితే ప్రకటన రాదన్నమాట.

తెలుగూ ఇంగ్లిషూ కలిపి మాట్లాడే మనకు మెషీన్ ఏం రాస్తుందో ఊహించుకోండి. కనీసం అతిథుల పేర్లు, ఊళ్ల పేర్లు, మొదటి రెండు నిమిషాలు చేత్తో సరిచేయండి. టైం లేకపోతే పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ మానేసి, సొంతంగా రాసిన 200 పదాల సారాంశం పెట్టండి.

6. డబ్బు లెక్క ముందే వేసుకోండి

ఎపిసోడ్‌కు 2,000 డౌన్‌లోడ్లు ఉన్నాయనుకోండి. వెయ్యి డౌన్‌లోడ్లకు 20 డాలర్ల చొప్పున ఒక ప్రకటనకు వచ్చేది 40 డాలర్లు. నెలకు నాలుగు ఎపిసోడ్లు, ఒక్కోదానిలో ఒక్కో ప్రకటన అంటే 160. ఆ 2,000 మందిలో 60 మంది నెలకు 5 డాలర్లు ఇస్తే 300. ఫీజులు పోయినా ప్రకటనల కన్నా ఎక్కువే. షార్లెట్‌లోని మోరో దంపతులు ప్రీమియం సభ్యత్వం పెట్టుకున్నది ఈ దారిలోనే. సంఖ్య చిన్నదైనా నమ్మకస్తులైన శ్రోతలుంటే ఇది నడుస్తుంది. యాపిల్ పాడ్‌కాస్ట్స్ ద్వారా చందా తీసుకుంటే మొదటి ఏడాది 30 శాతం, ఆ తర్వాత 15 శాతం యాపిల్‌కే పోతుందని గుర్తుంచుకోండి.

ప్రకటనలు వద్దనడం లేదు. వాటి మీదే ఇల్లు నడపొద్దంటున్నాను. నల్లజాతి హోస్టులు ఎప్పటి నుంచో చెప్పే ఫిర్యాదు ఒకటుంది. బ్రాండ్ల ఫోన్లు ఫిబ్రవరిలో, అంటే బ్లాక్ హిస్టరీ నెలలో మోగుతాయి, మార్చిలో ఆగిపోతాయి. 2020లో పోలీసు చేతిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత పెద్ద పెద్ద కంపెనీలు నల్లజాతి మీడియాకు నిధులు ప్రకటించాయి, కొన్నేళ్లకే చాలా చోట్ల ఆ ఉత్సాహం చల్లారింది. మనకూ సంక్రాంతి, ఉగాది, దీపావళికి మాత్రమే గుర్తొచ్చే స్పాన్సర్లు ఉంటారు. అలాంటివాళ్లను ఒక్క ఎపిసోడ్‌కు కాకుండా మూడు నెలలకు అడగండి. కాదంటే పండగ ధర, రెట్టింపు.

హెచ్చరిక: అమెరికాలో హెచ్‌1బీ మీదో, ఎఫ్‌1 మీదో ఉన్నవాళ్లు డబ్బులొచ్చే పాడ్‌కాస్ట్ పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. హెచ్‌1బీలో అనుమతి ఉన్నది పిటిషన్ వేసిన యజమాని దగ్గర పనికే. హాబీగా చేసుకోవడం ఒకటి, పేట్రియాన్ డబ్బులు తీసుకోవడం ఇంకొకటి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఐటీ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఆఫర్ లెటర్ మళ్లీ తీసి చూడండి, రెండో ఆదాయం గురించి, ఉద్యోగంలో ఉండగా సృష్టించినదంతా కంపెనీదేనని ఏమైనా రాసుందేమో.

7. ఒప్పంద పత్రం చదవడం

అసలు పని ఇక్కడుంది, తొందరపడకండి.

బ్రిటనీ లూస్, ఎరిక్ ఎడింగ్స్ అనే ఇద్దరు స్నేహితులు 2014లో సొంతంగా 'ఫర్ కలర్డ్ నెర్డ్స్' పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. అది చూసి గిమ్లెట్ అనే పాడ్‌కాస్ట్ కంపెనీ పిలిచింది, 2017లో అక్కడ 'ద నాడ్' పేరుతో కొత్త షో చేశారు. 2019లో స్పాటిఫై గిమ్లెట్‌ను కొనేసింది, సుమారు 23 కోట్ల డాలర్లు పెట్టిందని వార్తలొచ్చాయి. 2020లో ఆ ఇద్దరూ బయటికొచ్చారు. మూడేళ్లు పెంచిన 'ద నాడ్' కంపెనీ దగ్గరే ఉండిపోయింది. పాత షోను మాత్రం 2021లో అదే పేరుతో మళ్లీ తెరిచారు. తిరిగి వెళ్లడానికి పాత షో పేరు ఉండటమే వాళ్లను కాపాడింది.

2015లో బజ్‌ఫీడ్ అనే ఆన్‌లైన్ మీడియా సంస్థలో హెబెన్ నిగటు, ట్రేసీ క్లేటన్ మొదలుపెట్టిన 'అనదర్ రౌండ్' కొద్ది నెలల్లోనే హిల్లరీ క్లింటన్‌ను ఇంటర్వ్యూ చేసే స్థాయికి వెళ్లింది. 2017లో అక్కడ ఆగిపోయింది. మరుసటి ఏడాది బజ్‌ఫీడ్ తన పాడ్‌కాస్ట్ బృందాన్నే తీసేసింది. ఎంత పేరొచ్చినా, షో కొనసాగాలా వద్దా అన్న నిర్ణయం వేరేవాళ్ల చేతిలో ఉంటే అంతే.

కాబట్టి పత్రం చేతికొచ్చాక, ఎంత ఇస్తారన్న పేజీ చివర్లో చదవండి. ముందు వీటిని వెతకండి:

"వర్క్ మేడ్ ఫర్ హైర్" అన్న మాట. అమెరికా చట్టంలో ఆ మాట వర్తిస్తే మొదటి రోజు నుంచే కాపీరైట్ యజమాని కంపెనీ. హక్కులు మామూలుగా రాసిస్తే 35 ఏళ్ల తర్వాత వెనక్కి అడిగే వీలుంది, దీనికి అదీ లేదు. తీసేయించి, "లైసెన్స్" అని పెట్టించండి.

"నిర్మాత" ఎవరు? ఇండియా కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు రచయిత అంటే దాని నిర్మాతే. పత్రంలో ప్రొడ్యూసర్ అని కంపెనీ పేరు వేస్తే, అది గౌరవానికి వేసిన పేరు కాదు. మీరు జీతగాళ్లయితే ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి కాపీరైట్ మొదటి హక్కుదారు సాధారణంగా కంపెనీయే, వేరే ఒప్పందం ఉంటే తప్ప.

కాలం, ప్రాంతం. మన చట్టంలో 19వ సెక్షన్ సృష్టికర్తలకు కొంత ఆసరా. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే కంపెనీల పత్రాల్లో "శాశ్వతంగా, విశ్వమంతటా" అని రాస్తారు. అది చూసి నవ్వుకుని వదిలేయకండి, రెండేళ్లు, ఫలానా దేశాలు అని మార్పించండి.

ఉప హక్కులు. 2016లో న్యూయార్క్ రేడియో సంస్థ డబ్ల్యూఎన్‌వైసీలో మొదలైన 'టూ డోప్ క్వీన్స్' పాడ్‌కాస్ట్ 2018లో హెచ్‌బీఓ కార్యక్రమమైంది. రేపు మీ షో వెబ్ సిరీసో పుస్తకమో అయితే డబ్బు ఎవరికి? పత్రం మౌనంగా ఉంటే ఆ మౌనం మీకు మేలు చేస్తుందనుకోవద్దు. ఆడియో తప్ప మిగతా హక్కులన్నీ మీ దగ్గరే ఉంటాయని రాయించండి.

ఆమోదం. 'ఇయర్ హజిల్' ప్రతి ఎపిసోడ్‌ను జైలు అధికారి ఒకరు విని ఒప్పుకోవాలి. ఆ సంగతిని షో దాచలేదు, ఆయన గొంతులోనే చివర్లో వినిపించేది. మీ ఎపిసోడ్‌ను ఆపే అధికారం ఎవరికుంది, ఎన్ని రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అన్నవి రాతలో ఉండాలి.

ఇంకా లెక్కలు అడిగి చూసే హక్కు, షో ఆగాక ఎన్నాళ్లు వేరే షో చేయకూడదన్న షరతు. ఆరు నెలలకు మించి ఒప్పుకోకండి.

ఏది వదిలినా ఈ వాక్యం మాత్రం పెట్టించండి: "ఈ ఒప్పందం ఏ కారణంతో ముగిసినా, షో పేరు, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అప్పటివరకు వచ్చిన ఎపిసోడ్ల మాస్టర్ ఫైళ్లు 30 రోజుల్లో సృష్టికర్తలకు చెందుతాయి. పాత ఫీడ్ నుంచి కొత్త ఫీడ్‌కు 301 రీడైరెక్ట్ కనీసం 12 నెలలు ఉంచాలి." దీన్ని మీ లాయరు చట్ట భాషలోకి మారుస్తారు. కంపెనీ దీనికి ఒప్పుకోకుండా డబ్బు పెంచుతానంటే, వాళ్లకు కావాల్సింది మీ షోనే తప్ప మీరు కాదని అర్థం చేసుకోండి. ఆ ధరకు అమ్మేయడం కూడా తప్పు కాదు. అమ్ముతున్నానని తెలిసి అమ్మండి, అద్దెకిస్తున్నాననుకుని కాదు. అలా అమ్మేటప్పుడు మాత్రం లూస్, ఎడింగ్స్ లాగా కొత్త పేరుతో షో చేసివ్వండి, సొంత షో పేరు దాచుకోండి.

8. ఫీడ్ మార్చి చూడండి

బయటికి రాగలమో లేదో ముందే పరీక్షించుకోవాలి. ఉచిత ఖాతాలో ఒక డమ్మీ షో పెట్టి, వేరే హోస్టింగ్‌కు మార్చి చూడండి. క్రమం ఇదీ: కొత్త హోస్టింగ్‌లో పాత ఫీడ్‌ను ఇంపోర్ట్ చేయాలి, ఎపిసోడ్లన్నీ వచ్చాయో లెక్కపెట్టాలి, పాతచోట 301 రీడైరెక్ట్ పెట్టాలి, యాపిల్, స్పాటిఫై ఖాతాల్లో కొత్త అడ్రస్ కనిపిస్తోందో చూడాలి. ఆ తర్వాత కనీసం నాలుగు వారాలు పాత ఖాతా మూయకండి.

ప్రతి ఎపిసోడ్‌కు ఉండే జీయూఐడీ అనే గుర్తింపు సంఖ్య మారకూడదు. మారితే పాత ఎపిసోడ్లన్నీ కొత్తవిగా శ్రోతల ఫోన్లలో మళ్లీ దిగుతాయి, విసుగొచ్చి అన్‌ఫాలో చేస్తారు. మార్చిన వారానికి డౌన్‌లోడ్లు సగానికి పడిపోతే శ్రోతలు వెళ్లిపోయారని కాదు, రీడైరెక్ట్ పనిచేయడం లేదని ముందు అనుమానించండి.

తరచూ కనిపించే తప్పులు

స్పాటిఫైలో వినిపిస్తోంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకోవడం. అక్కడున్నది కుదించి చిన్నది చేసిన ఫైలు. మీకు కావాల్సింది ఎడిట్ చేయని వేవ్ ఫైళ్లు. నెలకోసారి హార్డ్ డిస్క్ నుంచి ఒక పాత ఎపిసోడ్ తెరిచి, ప్లే అవుతోందో లేదో చూడండి.

అతిథి దగ్గర అనుమతి తీసుకోకపోవడం. "ఈ రికార్డింగ్‌ను ఈ షోలో, దాని ప్రచారంలో వాడుకోవచ్చు" అని వాట్సాప్‌లో అయినా రాయించుకోండి. రేపు షో అమ్మాల్సి వస్తే కంపెనీ మొదట అడిగేది అదే.

డౌన్‌లోడ్ల మొత్తం చూసి మురిసిపోవడం. కంపెనీతో మాట్లాడేటప్పుడు పనికొచ్చే సంఖ్య వేరు. ఒక ఎపిసోడ్‌కు మొదటి 30 రోజుల్లో ఎన్ని డౌన్‌లోడ్లు, చివరి పది ఎపిసోడ్లకు సగటున ఎన్ని అన్నది రాసి పెట్టుకోండి.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే

కోపంతో షోలో కంపెనీని తిట్టకండి, ముందు పత్రం తీయండి. ముగింపు తేదీ, నోటీసు గడువు, ఆటోమేటిక్‌గా పొడిగించే షరతు ఎక్కడున్నాయో చూసి, నోటీసు ఇవ్వాల్సిన తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. పొడిగింపు అడిగే సమయం వచ్చినప్పుడే మీ మాటకు బలం ఉంటుంది, ఏడో స్టెప్‌లోని వాక్యం అప్పుడు బల్ల మీద పెట్టండి. ఇండియా ఒప్పందమైతే, తీసుకున్న హక్కులను కంపెనీ ఏడాదిలోపు వాడుకోకపోతే అవి రద్దయినట్టే, పత్రంలో వేరేలా రాసి ఉంటే తప్ప. ఈ సంగతి లాయరును ప్రత్యేకంగా అడగండి.

ఈలోపు శ్రోతల ఈమెయిల్ జాబితా మొదలుపెట్టండి, సొంత డొమైన్ మీదే. అలా చేయకూడదన్న షరతు పత్రంలో లేదని చూసుకున్నాకే. కంపెనీకి మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి: "మా రికార్డుల కోసం ఇప్పటివరకు వచ్చిన ఎపిసోడ్ల మాస్టర్ ఫైళ్లు, నెలవారీ లెక్కలు పంపగలరు." పంపితే భద్రపరచుకోండి. పంపకపోతే ఆ ఈమెయిల్, దాని తేదీ లాయరు ఫైల్లో పెట్టండి.